అపోహలు - వాస్తవాలు: "అన్నం తింటలేడు గానీ పాలు మంచిగ తాగుతాడు"

పిల్లల డాక్టరుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని మా క్లినిక్‌లో నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట పైన రాసినదే. చెప్పేది ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లల తల్లులు. పక్కనే కూర్చున్న నాయనమ్మో అమ్మమ్మో "పాలన్నా తాగుతున్నడు కదా, అదే బలం" అని ధైర్యం చెప్తుంటుంది. ఆ ధైర్యమే కొంప ముంచుతోంది.

అపోహ: తిండి తినని బిడ్డకు పాలు పెంచితే లోటు తీరిపోతుంది.

వాస్తవం: పాలలో కాల్షియం ఉంది, ప్రోటీన్ ఉంది. రక్తం తయారీకి కావాల్సిన ఐరన్ మాత్రం దాదాపు లేదు. పైగా వేరే తిండి నుంచి వచ్చే ఐరన్ ఒంటికి పట్టకుండా పాలలోని కాల్షియం అడ్డుపడుతుంది. రోజుకు లీటరు దాకా సీసాలో పోసి పట్టిస్తే పొట్ట నిండిపోతుంది, ఇక అన్నం ముట్టడు. అన్నం తినలేదని ఇంకో సీసా. కొన్ని నెలలకు హిమోగ్లోబిన్ పడిపోతుంది. రక్తం తగ్గితే ఉన్న ఆకలీ చచ్చిపోతుంది. మళ్ళీ సీసా.

ఇలాంటి పిల్లల్లో చాలామంది బొద్దుగానే ఉంటారు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కింది కనురెప్ప కాస్త లాగి చూడండి, లోపల పాలిపోయి ఉంటుంది. చిరాకు, ఊరికే ఏడుపు, మలబద్ధకం ఉంటాయి. కొందరు మట్టి తింటారు, గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకుంటారు. కొందరు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా అయిపోతారు. అది చూసి ఫిట్స్ అనుకుని వణికిపోతూ వచ్చే తల్లిదండ్రులను చూస్తే జాలేస్తుంది. డాక్టరు చూడాల్సిందే గానీ, రక్తపరీక్ష చేస్తే చాలామందిలో బయటపడేది ఐరన్ లోపమే.

ఇది పేదవాళ్ల జబ్బని కొట్టిపారేసేవాళ్లు ఒక లెక్క చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అపార్ట్‌మెంట్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో పెరిగే పిల్లల్లోనూ నేను రోజూ చూస్తున్నాను. మెదడు వేగంగా ఎదిగేది మొదటి రెండు మూడేళ్లలోనే. అప్పుడు ఐరన్ చాలాకాలం తక్కువైతే ఏకాగ్రత, నేర్చుకునే శక్తి దెబ్బతినొచ్చు. తర్వాత మందు వాడి రక్తం పెంచినా ఆ నష్టం పూర్తిగా పూడుతుందన్న హామీ లేదు. అందుకే ఈ ఒక్క విషయం మీద ఇంత గొంతు చించుకుంటున్నాను.

అసలు బిడ్డ తినడం లేదన్న ఈ కంగారు ఎక్కడ మొదలవుతుంది? మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకు తొమ్మిది కిలోల దగ్గరకు వస్తాడు. రెండో ఏడు పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. రెండో ఏడు కూడా అలాగే మూడింతలైతే రెండేళ్లకు 27 కిలోలు ఉండాలి, ఎత్తుకోగలరా?

మా ఇంట్లోనూ ఈ గొడవ నడిచింది. మా పాప రెండు ముద్దలు తిని లేచిపోయేది. మా అత్తయ్య ఎదురింటి బాబును చూపించి నిట్టూర్చేవారు. నా చదువు ఆవిడ దగ్గర చెల్లలేదు. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రోత్ చార్టు ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. 2006లో వచ్చిన ఆ చార్టు తయారీలో మన దేశపు పిల్లల కొలతలు కూడా ఉన్నాయి కాబట్టి "అది తెల్లోళ్ల లెక్క" అనడానికి లేదు. పాప పదిహేనో పర్సెంటైల్ గీతను (అంటే వందమంది పిల్లల్లో పదిహేనుమంది దీనికంటే కింద ఉంటారు) పట్టుకుని నడిచింది. సన్నగా ఉన్నా తన గీత వదల్లేదు. కొన్నాళ్లకు అత్తయ్యే బరువు తూయించి చుక్క పెట్టించడం మొదలుపెట్టారు. ఎదురింటి బాబు సంగతి మర్చిపోయారు. గీత ఏదైనా ఫర్వాలేదు. రెండు గీతలు దాటి కిందికి జారితే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి.

ఏడాది దాటిన బిడ్డకు పాలు రోజుకు 400-500 మిల్లీలీటర్లు చాలు, అదీ గ్లాసుతో. సీసా మానిపించండి. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని పడుకునే అలవాటు పళ్ళను కూడా పుచ్చిస్తుంది. అన్నానికి ముందు పాలు వద్దు. తోటకూర పప్పు, గుడ్డు, చికెన్, మటన్, వారానికోసారి కాస్త కలేజా (లివర్) పెట్టండి. పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది. రెండు మూడు రోజులు సీసా కోసం ఇల్లు దద్దరిల్లేలా ఏడుస్తారు, గట్టిగా నిలబడండి. ఏడాది లోపు బిడ్డకైతే పాకెట్ పాలు అసలు తాగించొద్దు.

మిగతావి గబగబా. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు, అందులో ఐరన్ కొంచెమే. పాయా (మేక కాళ్ల సూప్) రుచికి బాగుంటుంది, రక్తహీనతకు మందు కాదు. ఎత్తు పెంచుతాయని అమ్మే పొడుల్లో చాలావాటిలో చక్కెర దండిగా ఉంటుంది. పాలలో కలిపి ఇస్తే సమస్య రెట్టింపు. గుడ్డు వేడి చేయదు. పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు మామూలే అని ఊరుకోకండి, ఓఆర్‌ఎస్ పట్టించి చూపించండి. వాకర్ వల్ల నడక త్వరగా రాదు, పడిపోవడం మాత్రం ఖాయం.

హిమోగ్లోబిన్ పరీక్షకు ఖర్చవుతుందని ఆగకండి. ప్రభుత్వ బస్తీ దవాఖానాలో ఉచితంగా చేస్తారు. రక్తహీనత తగ్గించేందుకు కేంద్రం పెట్టిన అనీమియా ముక్త్ భారత్ పథకం కింద అయిదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఐరన్ సిరప్ కూడా ఉచితమే, ఆశా కార్యకర్తను గానీ అంగన్‌వాడీలో గానీ అడగండి. పరీక్షలో రక్తం తక్కువని తేలితే ఆ మోతాదు చాలదు, డాక్టరు బరువును బట్టి రాస్తారు. సిరప్ పాలతో ఇవ్వొద్దు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా రెండు మూడు నెలలు కొనసాగించాలి, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మందు వాడుతున్నన్ని రోజులు మలం నల్లగా వస్తుంది, అది సహజం. దానికోసం రాత్రి పన్నెండింటికి ఫోన్ చేయనక్కర్లేదు.