నూట పదహార్లు లెక్కపెట్టగలిగితే పోర్చుగీసు సంఖ్యలు సగం వచ్చినట్టే

హైదరాబాద్‌లో కూర్చుని బ్రెజిల్‌లోని సావో పాలో ఆఫీసుతో పనిచేసే టీమ్‌లో ఉన్నప్పుడు పోర్చుగీసు నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో ఒకటి నుంచి వంద దాకా కంఠతా వచ్చేసింది. ఆ ధీమాతో ఓ రోజు అక్కడి సహోద్యోగిని ఫోన్ నెంబరు పోర్చుగీసులోనే చెప్పమని అడిగాను. ఆవిడ గబగబా చెబుతున్నారు, నేను రాసుకుంటున్నాను. మధ్యలో "మేయ" అన్నారు. నా పెన్ను ఆగిపోయింది. నేను బట్టీ పట్టిన వందలో మేయ అన్నదే లేదు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ మేయ. చివరికి ఆవిడ కెమెరా ముందు ఒక చేతి అయిదు వేళ్లు, రెండో చేతి బొటనవేలు చూపించారు. ఆరు!

మేయ అంటే నిజానికి సగం. 'మేయ దూజియ' అంటే అర డజను, అంటే ఆరు. వాడగా వాడగా డజను రాలిపోయి, సగం ఒక్కటే ఆరుకి పేరుగా నిలబడింది. దీనికి కారణం చెవి. పోర్చుగీసులో మూడుని 'త్రేస్' అంటారు, బ్రెజిల్‌లో చాలామంది నోట అది 'త్రేయ్‌స్' అవుతుంది. ఆరు 'సేయ్‌స్'. లైను సరిగా లేని ఫోన్‌లో ఈ రెండిటికీ తేడా దొరకదు. అందుకే ఫోన్ నెంబరు, ఇంటి నెంబరు లాంటివి ఒక్కో అంకె విడిగా చెప్పేటప్పుడు ఆరుకి బదులు మేయ అంటారు. ఆరు గుడ్లు కొనడానికి మాత్రం ఉత్త మేయ పనికిరాదు. సేయ్‌స్ అనాలి, లేకపోతే మేయ దూజియ అని పూర్తిగా అనాలి. ఇది బ్రెజిల్ అలవాటు.

ఆ ఫోన్ నెంబరు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. అప్పటిదాకా ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన పుస్తకంతో నేర్చుకుంటున్నాను. 'వన్'కి ఇది, 'టూ'కి ఇది అని జతలు కట్టుకుంటూ పోతున్నాను. ఆ పుస్తకంలో "ఇక్కడ జాగ్రత్త, ఇది వింత" అని గుర్తుపెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటిగా చూస్తే, చాలావరకు మా అమ్మమ్మ రోజూ మాట్లాడిన తెలుగులో ఉన్నవే. తెలుగువాళ్లు పోర్చుగీసు లెక్క నేర్చుకోవడానికి ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లక్కర్లేదు.

ముందు పది దాకా చూద్దాం. ఊం, దొయ్‌స్, త్రేస్, క్వాత్రు, సీంకు, సేయ్‌స్, సెత్చి, ఓయ్‌తు, నోవి, దెస్. ఇది సావో పాలోలో వినిపించే తీరు. లిస్బన్‌లో చివరి అచ్చులు మింగేస్తారు, చివరి 'స' అక్కడ 'ష'లా పలుకుతుంది. ఇప్పుడు వీటి పక్కన మన పంచాంగం పెట్టండి. దొయ్‌స్ పక్కన ద్వి, త్రేస్ పక్కన త్రి, సెత్చి పక్కన సప్త, ఓయ్‌తు పక్కన అష్ట, నోవి పక్కన నవ, దెస్ పక్కన దశ. పోలిక కాకతాళీయం కాదు. పోర్చుగీసు లాటిన్ నుంచి పుట్టింది, లాటిన్, సంస్కృతం ఒకే పెద్ద భాషా కుటుంబానివి. తెలుగు ద్రావిడ భాషే అయినా సప్తపది, అష్టదిక్కులు, నవగ్రహాలు, దశమి అంటూ ఆ సంస్కృత సంఖ్యలు చిన్నప్పటి నుంచీ మన చెవిలో ఉన్నాయి.

అసలు అందం పదకొండు నుంచి పంతొమ్మిది మధ్య ఉంది. 11 నుంచి 15 దాకా ఓంజి, దోజి, త్రేజి, క్వతోర్జి, కీంజి. చివరి 'జి' ఏమిటా అని చూస్తే, లాటిన్‌లో పదికి ఉన్న 'దెకెం' అరిగి అరిగి మిగిలిన తోక అది. పదకొండుని లాటిన్‌లో 'ఊందెకిం' అనేవారు. ముందు ఒకటి, తర్వాత పది. మన ఏకాదశి, ద్వాదశి, త్రయోదశి, చతుర్దశి వరస కూడా అదే: ఏక ముందు, దశ వెనక. పదహారు దగ్గరికి వచ్చేసరికి పోర్చుగీసు హఠాత్తుగా తిరగబడుతుంది. 16 'దెజెసేయ్‌స్'. విడదీస్తే దెస్, ఇ, సేయ్‌స్. పది, ఇంకా, ఆరు. ఇది షోడశ వరస కాదు, అచ్చంగా మన పదహారు వరస. 17 దెజెసెత్చి, 18 దెజోయ్‌తు, 19 దెజెనోవి. లాటిన్‌లో 18ని "ఇరవైకి రెండు తక్కువ" అని, 19ని "ఇరవైకి ఒకటి తక్కువ" అని చెప్పేవారు. జనం నోట ఆ తీసివేత నిలవలేదు, కూడికే గెలిచింది. స్పానిష్ కూడా పదహారు దగ్గరే మారుతుంది. ఫ్రెంచి, ఇటాలియన్ ఇంకో అడుగు వేసి పదిహేడు దగ్గర మారతాయి. అంటే పదిహేను దాకా పంచాంగంలా, ఆ పైన తెలుగులా. నేను ఇలాగే గుర్తుపెట్టుకున్నాను, మళ్లీ ఎప్పుడూ తడబడలేదు.

ఇరవై నుంచి దారి సాఫీగా ఉంటుంది. వీంచి, త్రీంత, క్వరేంత, సింక్వేంత, సెసేంత, సెతేంత, ఓయ్‌తేంత, నొవేంత. 21 అంటే వీంచి ఇ ఊం, ఇరవై ఒకటి. హిందీలో 21 నుంచి 99 దాకా ఒక్కోదాన్నీ విడిగా బట్టీ పట్టిన కష్టం ఇక్కడ లేదు.

వంద దగ్గర ఇంగ్లీషు పుస్తకాలు ఒక పేజీ ఖర్చుపెడతాయి. సరిగ్గా వంద అయితే 'సేం' అనాలి, వంద మీద ఏదైనా చేరితే 'సేంతు' అనాలి. సేం, కానీ సేంతు ఇ ఊం. మనకి దీనికి ఒక్క వాక్యం చాలు: నూరు, కానీ నూట ఒకటి. నూరు ఒకటి అని ఎవరమూ అనం. పెళ్లిలో చదివింపులు రాసే పుస్తకంలో ఉండే నూట పదహార్లు తీసుకోండి. పోర్చుగీసులో 'సేంతు ఇ దెజెసేయ్‌స్'. నూట అన్నచోట సేంతు, పద అన్నచోట దెజ్, ఆరు అన్నచోట సేయ్‌స్. ఇన్ని మైళ్ల దూరంలో ఉన్న రెండు భాషలు ఒక సంఖ్యని ఇంత ఒద్దికగా ఒకే చోట మడత పెట్టడం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మధ్యలో వచ్చే ఆ 'ఇ' గురించి కొంచెం చెప్పాలి. అది 'ఇంకా' అనే అర్థంలో సంఖ్యల్ని కలిపే ముక్క. వందల్నీ పదుల్నీ ఒకట్లనీ కలిపేటప్పుడు ప్రతిసారీ వస్తుంది. వెయ్యి తర్వాత మాత్రం షరతు ఉంది: వెనక వచ్చేది ఉత్త వందలో, వందకంటే చిన్నదో అయితేనే వస్తుంది. సంవత్సరాలతో చెబితే తేలిక. పోర్చుగీసు నావికుడు కబ్రాల్ ఓడలు బ్రెజిల్ తీరానికి చేరిన 1500ని 'మియు ఇ కిన్యేంతుస్' అంటారు. పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్ గోవాని పట్టుకున్న 1510 'మియు కిన్యేంతుస్ ఇ దెస్'. ఇక్కడ 'ఇ' వెయ్యి దగ్గర నుంచి వెనక్కి జరిగింది. గోవా భారతదేశంలో కలిసిన 1961 'మియు నోవిసేంతుస్ ఇ సెసేంత ఇ ఊం'. మనం పంతొమ్మిది వందల అరవై ఒకటి అంటాం కానీ వాళ్లు పంతొమ్మిది వందలు అనరు, వెయ్యి తొమ్మిది వందలే. పోర్చుగీసువాళ్ల రాకపోకల వల్ల మేస్త్రీ, అల్మారా, పీపా లాంటి మాటలు మన దాకా వచ్చాయి, సంఖ్యలు మాత్రం రాలేదు. మన సంఖ్యలు మనకు ఉన్నాయి మరి.

ఇంగ్లీషువాళ్లు తలపట్టుకునే ఇంకో చోటు లింగం. రెండు కార్లు 'దొయ్‌స్', రెండు ఇళ్లు 'దూవస్'. కారు వాళ్ల వ్యాకరణంలో పుంలింగం, ఇల్లు స్త్రీలింగం. ఒకటి కూడా ఊం, ఊమ అని మారుతుంది. ఎదుటి వస్తువుని బట్టి సంఖ్య రూపం మార్చడం మనకి కొత్తా? రెండు పుస్తకాలు, ఇద్దరు పిల్లలు. ఒకడు, ఒకతె, ఒకటి. మనం మనుషులా కాదా అని చూస్తాం, వాళ్లు వ్యాకరణంలో ఆడా మగా అని చూస్తారు. పైగా వాళ్లది తక్కువ పని: ఒకటి, రెండు మారతాయి, మళ్లీ 200 నుంచి 900 దాకా వందలు మారతాయి. మూడు నుంచి తొమ్మిది దాకా కదలవు.

గంటలు స్త్రీలింగం కాబట్టి రెండు గంటలు 'దూవస్', రెండున్నర 'దూవస్ ఇ మేయ'. ఇక్కడ మళ్లీ మన మేయ కనిపించింది, ఈసారి అసలు అర్థంతో. మన రెండున్నరలో కలిపే ముక్క 'ఉన్ను', సగం 'అర'. వాళ్లదీ అదే కూర్పు. అర్ధరాత్రిని 'మేయ-నోయ్‌చి' అంటారు, మాటకి మాట అర్ధరాత్రే.

వారాల పేర్లు చూసినప్పుడు నేను నిజంగా ఆనందపడ్డాను. సోమవారం 'సెగూంద-ఫేయ్‌ర', అంటే రెండోది. అక్కడి నుంచి తేర్స, క్వార్త, కీంత, సేస్త: మూడోది, నాలుగోది, అయిదోది, ఆరోది. లెక్క ఆదివారం నుంచి మొదలవుతుంది. ఆదివారానికీ శనివారానికీ మాత్రం సొంత పేర్లున్నాయి. చుట్టుపక్కల భాషల్లో వారాలకి గ్రహాల పేర్లుంటే పోర్చుగీసులో ఇలా నెంబర్లు మిగిలాయి. రోమన్ దేవతల పేర్లు క్రైస్తవులకి తగవని ఆరో శతాబ్దంలో, ఇప్పటి పోర్చుగల్‌లో ఉన్న బ్రాగా ఊరి బిషప్ మార్టిన్ గట్టిగా వాదించాడు, ఈ మార్పుకి ఆయనే కారణమని చెబుతారు. మన వారాలు గ్రహాల పేర్లే కానీ తిథులు చూడండి: విదియ, తదియ, చవితి, పంచమి, షష్ఠి. రెండు నుంచి ఆరు దాకా అచ్చం అదే వరస! సెగూందని విదియతో, సేస్తని షష్ఠితో జత కట్టుకుంటే వారాలు పది నిమిషాల్లో వస్తాయి. ఒక్క హెచ్చరిక: బ్రెజిల్‌లో షాపు బోర్డు మీద 2 నుంచి 6 అని, అంకెల పక్కన పైన చిన్న ఇంగ్లీషు 'a' లాంటి గుర్తుతో రాసి ఉంటే అది టైము కాదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా తెరిచి ఉంటుందని.

రాతలో జాగ్రత్తపడాల్సింది చుక్క, కామా. మనకి తిరగేసి ఉంటాయి. 1.500 అంటే వాళ్లకి పదిహేను వందలు. 1,500 అంటే ఒకటిన్నర. ఎక్సెల్ షీట్లు ఇటూ అటూ పంపుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, మొత్తం బిల్లే మారిపోతుంది. లక్షని వాళ్లు 'సేం మియు', వంద వేలు అంటారు. కోటి పది మిలియన్లు. ఆ పైకి వెళ్తే రెండు దేశాలకే పొత్తు కుదరదు: వంద కోట్లని బ్రెజిల్‌లో బిలియన్ అంటే, పోర్చుగల్‌లో వెయ్యి మిలియన్లు అంటారు. బిలియన్‌కి అక్కడ ఉన్న మాట దానికి వెయ్యి రెట్లు పెద్ద సంఖ్యది.

ఇదంతా తెలిసినా, ఎదుటివాళ్లు ధర చెప్పగానే బుర్ర ఒక్క క్షణం ఖాళీ అవుతుంది. దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. 1999లో సైన్స్ పత్రికలో దెహేన్, స్పెల్కీ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లకి ఒక భాషలో కూడికలు నేర్పి, రెండో భాషలో అడిగారు. కచ్చితమైన జవాబు కావాల్సినచోట రెండో భాషలో వేగం తగ్గింది. సుమారుగా ఎంత అని అడిగితే తేడా రాలేదు. బ్రెజిల్ అమెజాన్‌లోని ముందురుకు జనం మీద 2004లో వచ్చిన పరిశోధనా ఇదే వైపు చూపిస్తుంది. వాళ్ల భాషలో సంఖ్యలకి పేర్లు దాదాపు అయిదు దాకానే ఉన్నాయి. పెద్ద గుంపుల్లో ఏది ఎక్కువో పోల్చమంటే ఫ్రెంచివాళ్లకి దీటుగా పోల్చారు. కచ్చితంగా తీసివేసి చెప్పమంటేనే, నాలుగయిదు దాటాక తడబడ్డారు. సుమారు అంచనాకి మాటలు అక్కర్లేదు, కచ్చితమైన లెక్క మాత్రం మాటల్ని పట్టుకునే నడుస్తుంది. కొత్త భాషలో లెక్క నెమ్మదిస్తే తెలివి తగ్గిందని టెన్షన్ పడొద్దు. ఆ భాషలో ఆ లెక్క ఇంకా చేయలేదు, అంతే.

కాబట్టి చేయాలి. నేను చేసింది ఇది: ఆఫీసుకి వెళ్లే దారిలో సిగ్నల్ పడ్డప్పుడల్లా ముందున్న బండి నెంబరు ప్లేటు మీది నాలుగంకెలు రెండు రకాలుగా పైకి చదివేవాణ్ని. ఒకసారి ఫోన్ నెంబరులా విడివిడిగా, ఒకసారి పూర్తి సంఖ్యగా. మొదట్లో ఒక ప్లేటు పూర్తయ్యేలోపు పచ్చ లైటు వచ్చేసేది. రెండు నెలలకి ఒక్కో సిగ్నల్‌కి అయిదారు బళ్లు అయ్యేవి. మొన్న ఓ ఆటో వెనకాల 1656 ఉంది. ఊం, మేయ, సీంకు, మేయ. మియు సేయ్‌సేంతుస్ ఇ సింక్వేంత ఇ సేయ్‌స్.