ఓపేర్ చేతికి కారు తాళం: అపోహలు - వాస్తవాలు

ఆగస్టులో స్కూళ్లు తెరిచే ముందు నాకు వచ్చే ఫోన్లలో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "అన్నా, మా ఓపేర్ (పిల్లల్ని చూసుకోవడానికి విదేశం నుంచి వచ్చి మన ఇంట్లోనే ఉండే అమ్మాయి) వచ్చే వారం దిగుతోంది. పిల్లల్ని స్కూలుకీ స్విమ్మింగ్‌కీ తనే దింపాలి. కారుకి ఫుల్ కవరేజ్ ఉంది కదా, ఇంకేం చెయ్యక్కర్లేదుగా?" డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ల కార్ల ఇన్సూరెన్స్ చూసే ఏజెంట్‌ని నేను. చెయ్యాల్సింది ఉంది. ఆ అమ్మాయి స్టీరింగ్ ముందు కూర్చోక ముందే చెయ్యాలి.

అపోహ: ఇన్సూరెన్స్ కారుకి గానీ మనిషికి కాదు. మనం ఒప్పుకుంటే ఎవరు నడిపినా కవర్ అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టే మాట ఇదే. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. పక్కింటాయన ఒక రోజు మీ కారు అడిగి ఎయిర్‌పోర్టుకి వెళ్లొచ్చాడనుకోండి. అది పర్మిసివ్ యూజ్. చాలా పాలసీలు దాన్ని ఒప్పుకుంటాయి. ఎప్పుడో ఒకసారి, మీ ఇంట్లో ఉండని మనిషి, మీ అనుమతితో నడపడం కోసం పెట్టిన వెసులుబాటు అది.

ఓపేర్ సంగతి వేరు. జే-1 అనే ఎక్స్‌ఛేంజ్ వీసా మీద ఏడాది పాటు మీ ఇంట్లోనే ఉంటుంది. మీ అడ్రసే ఆమె అడ్రస్. వారానికి 45 గంటల వరకు పిల్లల్ని చూసుకుంటుంది, అందులో రోజూ కారు తీస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలో ఆమె మీ ఇంటి డ్రైవర్. పాలసీ తీసుకునేటప్పుడు "ఇంట్లో డ్రైవింగ్ వయసు వచ్చినవాళ్లు ఎవరెవరున్నారు" అని అడిగింది ఇందుకే. ఆ తర్వాత ఎవరైనా కొత్తగా చేరితే చెప్పాల్సిన బాధ్యత మనదని చాలా పాలసీల్లో రాసే ఉంటుంది. రెండు మైళ్ల దూరమే కదా, స్కూలు వరకే కదా అన్న వాదన అక్కడ నిలబడదు. వారంలో ఐదు రోజులు నడిపితే అది రెగ్యులర్ డ్రైవింగే.

నా దగ్గరికి యాక్సిడెంట్ అయ్యాక వచ్చిన ఒక జంట గుర్తొస్తున్నారు. పాలసీ వేరే చోట తీసుకున్నారు. కొలంబియా నుంచి వచ్చిన అమ్మాయి, నెమ్మదస్తురాలు, పిల్లలకి ఆమె అంటే ప్రాణం. ఫోర్-వే స్టాప్ (నాలుగు వైపులవాళ్లూ ఆగి వంతులవారీగా కదలాల్సిన కూడలి) దగ్గర ఎవరి వంతో తేల్చుకోలేక ముందుకు కదిలి పక్కనుంచి వస్తున్న కారుని గుద్దింది. పిల్లలకి ఏమీ కాలేదు. అవతలి కారావిడకి మాత్రం మెడ నొప్పి మొదలైంది, నాలుగు రోజుల్లో లాయర్ ఉత్తరం వచ్చింది. క్లెయిమ్ చూసే అడ్జస్టర్ ఫోన్ చేసి మొదట అడిగింది యాక్సిడెంట్ గురించి కాదు. ఆ అమ్మాయి ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్ల నుంచి ఉంటోంది, కారు ఎంత తరచుగా నడుపుతుంది అని. ఆ ఇంటాయన దాపరికం లేని మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మా హక్కులు మావేనని, అన్నీ పరిశీలించాకే కవరేజ్ సంగతి తేలుస్తామని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చివరికి సొంత కారు రిపేరు ఖర్చు ఇవ్వలేదు. అవతలివాళ్ల బిల్లుల మీద నెలల తరబడి నలిగారు. ఆ ఏడాది పాలసీ రెన్యూ కూడా కాలేదు. తన పేరు ఇన్సూరెన్స్‌లో లేదన్న సంగతే తెలియని ఆ పిల్ల, తనని వెనక్కి పంపేస్తారేమోనని రాత్రుళ్లు నిద్రపోలేదట. అది విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఆమె పేరు చేర్పించడానికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది.

కంపెనీ పూర్తిగా తిరస్కరించకపోయినా చిక్కు ఉండొచ్చు. కొన్ని పాలసీల్లో, పేరు లేని డ్రైవర్ నడిపితే కవరేజ్ రాష్ట్రం విధించిన కనీస పరిమితికి పడిపోతుందని ఒక క్లాజ్ ఉంటుంది. మీరు 100/300 కవరేజ్‌కి ప్రీమియం కడుతున్నా, టెక్సాస్‌లో అది 30/60/25 కి దిగిపోతుంది. అంటే గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్లు, ఎంతమందికైనా కలిపి 60,000, అవతలివాళ్ల ఆస్తి నష్టానికి 25,000. ఒక్క సర్జరీ అయితే 30,000 ఏ మూలకీ చాలవు. పైగా మన పిల్లల్ని దింపే పనిలో ఉండగా జరిగింది కాబట్టి పని ఇచ్చినవాళ్లుగా మన మీదా కేసు వెయ్యొచ్చు. సరైన లైసెన్స్ లేని మనిషికి తెలిసీ కారిచ్చారని తేలితే అది ఇంకో కేసు. అంబ్రెల్లా పాలసీ (కారు పాలసీ పరిమితి దాటాక ఆదుకునే అదనపు పాలసీ) ఉందిగా అని ధైర్యపడకండి, ఇంట్లో డ్రైవర్లందరి పేర్లూ వాళ్లకీ చెప్పాల్సిందే.

అపోహ: ప్రీమియం పెరగకుండా ఆమెని ఎక్స్‌క్లూడ్ చేయిస్తే సరి.

ఈ సలహా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరు మొదలుపెట్టారో గానీ, నాకు ఒళ్లు మండుతుంది. ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్ అంటే, ఆమె నడిపినప్పుడు ఈ కారుకి ఇన్సూరెన్స్ లేనట్టేనని మీరు సంతకం పెట్టి ఇచ్చినట్టు. కారు అసలు ముట్టుకోని మనిషికైతే అది సరైన పని. పొద్దున ఆమెని ఎక్స్‌క్లూడ్ చేసి సాయంత్రం పిల్లల్ని తీసుకురమ్మని పంపితే, పేరు చెప్పకుండా ఊరుకున్నదానికంటే అధ్వానం.

ప్రీమియం పెరుగుతుంది, నిజమే. ప్రోగ్రామ్ నిబంధనల ప్రకారం ఓపేర్‌గా వచ్చేవాళ్లు 18 నుంచి 26 ఏళ్ల మధ్యవాళ్లు. స్వదేశంలో ఎన్నేళ్లు నడిపినా చాలా కంపెనీలు ఇక్కడి అనుభవం సున్నాగానే చూస్తాయి. ఎంత పెరుగుతుందో కంపెనీని బట్టి బాగా మారుతుంది. అందుకే ఏ అమ్మాయిని తీసుకోవాలో ఖాయం చేసుకోక ముందే కొటేషన్ తీసుకోండి. కొన్ని కంపెనీలు ఒక్కో డ్రైవర్‌కి ఒక్కో కారు చూపించి ధర కడతాయి, ఆమెకి పాత కారు చూపిస్తే కొంత తగ్గవచ్చు. విదేశీ లైసెన్స్‌ని అసలు ఒప్పుకోని కంపెనీలు కూడా ఉన్నాయి. ఆమె విమానం దిగాక తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

అపోహ: ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే ఏడాది పాటు లైసెన్స్ అక్కర్లేదు.

ఐడీపీ, అంటే ఈ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ఆమె స్వదేశపు లైసెన్స్‌కి అనువాదం మాత్రమే. అసలు లైసెన్స్ పక్కన లేకపోతే దానికి విలువ లేదు. దాన్ని లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే, బయల్దేరక ముందే తీసుకోవాలి. ఇక్కడికొచ్చాక ఆన్‌లైన్‌లో కొన్న కార్డు చిత్తు కాగితంతో సమానం. ఇలాంటి మోసాల గురించి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా హెచ్చరించింది.

కాలపరిమితి సంగతి వేరే. కొత్తగా నివాసం ఏర్పరచుకున్నవాళ్లు స్థానిక లైసెన్స్ తీసుకోవడానికి టెక్సాస్ 90 రోజులు ఇస్తుంది, న్యూజెర్సీ 60 రోజులు, కాలిఫోర్నియా అయితే 10 రోజులే. న్యూజెర్సీలో ఉన్న మీ వదిన చెప్పిన మాట డల్లాస్‌లో చెల్లదు. ఏడాది కోసం వచ్చిన ఓపేర్‌ని మీ రాష్ట్రం ఎలా లెక్క వేస్తుందో లైసెన్స్ ఇచ్చే ఆఫీసులోనే అడగండి. జర్మనీ, ఫ్రాన్స్, దక్షిణ కొరియా లాంటి కొన్ని దేశాలతో టెక్సాస్‌కి లైసెన్స్ మార్పిడి ఒప్పందం ఉంది. బ్రెజిల్, కొలంబియా నుంచి వచ్చినవాళ్లు పరీక్ష రాసి, నడిపి చూపించాల్సిందే. అపాయింట్‌మెంట్లకి ఆలస్యమవుతుంది, ఇమ్మిగ్రేషన్ వివరాల తనిఖీకి కొంత సమయం పోతుంది. కాబట్టి డీఎస్-2019 (జే-1 ప్రోగ్రామ్ పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), సోషల్ సెక్యూరిటీ కాగితాలు మొదటి వారాల్లోనే సిద్ధం చేసుకోండి.

అపోహ: ఓపేర్‌ని పంపే ఏజెన్సీ ఇన్సూరెన్స్ ఇస్తుంది కదా.

అది ఆమె ఆరోగ్యానికి. జే-1 మీద వచ్చినవాళ్లకి ఒక్కో అనారోగ్యానికి లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల మెడికల్ కవరేజ్ ఉండాలని నిబంధన. ఆమె గుద్దిన కారుకీ, అందులోని మనుషులకీ దాంతో సంబంధం లేదు.

అపోహ: చిన్న యాక్సిడెంట్ అయినా వీసా పోతుంది.

భయపడుతున్న అమ్మాయిలకి ఈ మాట గట్టిగా చెప్పండి. మామూలు యాక్సిడెంట్‌కి సాధారణంగా వీసా రద్దు చెయ్యరు. తాగి నడిపి పట్టుబడితే మాత్రం రద్దయ్యే అవకాశం నిజంగా ఉంది. భయంతో అక్కడి నుంచి వెళ్లిపోవడమే పెద్ద నేరం అవుతుంది. ఏదైనా జరిగితే ఆగడం, 911 కి ఫోన్ చెయ్యడం, ఫొటోలు తియ్యడం, మీకు ఫోన్ చెయ్యడం, ఈ వరసని కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టండి.

అపోహ: ఏజెన్సీ ఇచ్చిన ఆమె ప్రొఫైల్‌లో నాలుగేళ్ల డ్రైవింగ్ అనుభవం అని ఉంది, ఇక నేర్పక్కర్లేదు.

లైసెన్స్ చేతికొచ్చి నాలుగేళ్లు అయ్యుండొచ్చు. దక్షిణాఫ్రికా, థాయిలాండ్ నుంచి వచ్చిన పిల్ల రోడ్డుకి ఎడమవైపు నడిపి వస్తుంది. ఎర్ర లైట్లు వెలిగించి ఆగిన స్కూల్ బస్సుకి, మధ్యలో డివైడర్ లేకపోతే, ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలని చాలామందికి తెలియదు. పిల్లలు లేకుండా పక్కన కూర్చుని కొన్ని రోజులు తిప్పండి, లేదా డ్రైవింగ్ స్కూల్లో క్లాసులు ఇప్పించండి. పిల్లల కార్ సీటు బిగించడం చూపించి, ఆమెని కూడా బిగించి చూపించమనండి.

పేరు చేర్పించాక ఏజెంట్ నోటిమాటతో ఊరుకోకండి. ఆమె పేరున్న డిక్లరేషన్స్ పేజీ (పాలసీ వివరాలుండే మొదటి పేజీ) మెయిల్‌లో తెప్పించుకోండి. ఆమె ఇంకో ఆరు, తొమ్మిది లేదా పన్నెండు నెలలు పొడిగించుకుంటే లైసెన్స్ గడువు కూడా చూసుకోండి, సాధారణంగా అది డీఎస్-2019 తేదీతోనే ముగుస్తుంది. తిరిగి వెళ్లిపోయిన వారంలోనే పేరు తీయించండి. లేకపోతే ఇంట్లో లేని మనిషికి ప్రీమియం కడుతూ ఉంటారు.