ప్రొపెల్లర్ తీసి జెట్ పెడితే

రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల నమూనాలను అతికించి తయారుచేసే అభిరుచి ఉన్నవారికి ఒక సరదా ఉంటుంది. స్పిట్‌ఫైర్ నమూనానో, మస్టాంగ్ నమూనానో తీసుకుని, ముక్కున ఉన్న ప్రొపెల్లర్‌ను కోసేసి, ఆ చోట గాలి పీల్చుకునే గుండ్రటి రంధ్రం పెట్టి, వెనక ఒక గొట్టం అతికిస్తారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే 1940లలో కొందరు ఇంజనీర్లు ఇదే పనిని నిజమైన విమానం మీద, నిజమైన పైలట్‌ను కూర్చోబెట్టి చేశారు. అలా మార్చిన వాటిలో వాయుసేనల దాకా చేరినవిగా సాధారణంగా రెండింటినే చెబుతారు: సోవియట్ యూనియన్‌కు చెందిన యాక్-15, స్వీడన్‌కు చెందిన సాబ్ 21ఆర్.

యాక్-15కు మూలం యాక్-3 అనే చిన్న, చురుకైన యుద్ధ విమానం. 1945లో సోవియట్ ఇంజనీర్ల చేతికి జర్మన్ల యూమో 004 జెట్ ఇంజిన్ చిక్కింది. కొత్త విమానాన్ని మొదటి నుంచీ రూపొందించేంత వ్యవధి లేకపోవడంతో, విమాన రూపకర్త యాకొవ్లెవ్ బృందం యాక్-3 ముక్కులోని పిస్టన్ ఇంజిన్‌ను దించి, సరిగ్గా అదే చోట జెట్‌ను అమర్చింది. బరువంతా ముక్కులోనే ఉండేలా లెక్కగట్టిన విమానంలో ఇంజిన్‌ను వెనక్కి జరిపితే గరిమనాభి, అంటే బరువు సమతూకంగా నిలిచే బిందువు, కూడా వెనక్కి జరిగి, విమానం అదుపు తప్పుతుంది. పైగా, మంటను వెనక్కి వదిలే గొట్టం ఎంత పొడవైతే అంత థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు తోసే బలం, దారిలోనే వృథా అవుతుంది. అందుకే ఇంజిన్‌ను ముక్కులోనే ఉంచి, దాని మంటను పైలట్ కాళ్ల కిందుగా, రెక్కల వెనక బయటికి వదిలారు. ఇంజిన్‌కు దారి ఇవ్వడానికి రెక్కలోని ముందు దూలాన్ని వంచి ఇంజిన్ మీదుగా తీసుకెళ్లారు. పొట్ట కింద వేడికి కరగని ఉక్కు రేకు తొడిగారు. తోక చక్రాన్ని మాత్రం వదల్లేదు. అది ఇప్పుడు నేరుగా జెట్ మంట దారిలోకి వచ్చింది కాబట్టి, రబ్బరు టైరు స్థానంలో పూర్తిగా ఉక్కుతో చేసిన చక్రాన్ని బిగించారు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన వస్తువు ఆ ఉక్కు చక్రమే.

యాక్-15 మొదటిసారి 1946 ఏప్రిల్ 24న ఎగిరింది. అది గంటకు దాదాపు 800 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలిగింది. ఈ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చిన్న లెక్క చేసి చూడాలి. ఆ జెట్ ఇంజిన్ థ్రస్ట్ సుమారు 900 కిలోగ్రాములు. వేగం మారినా ఈ బలం పెద్దగా మారదనుకుందాం. బలాన్ని వేగంతో గుణిస్తే విమానానికి నిజంగా అందే శక్తి వస్తుంది. గంటకు 800 కిలోమీటర్ల దగ్గర అది దాదాపు 2,670 అశ్వశక్తి. 200 కిలోమీటర్ల దగ్గర అందులో నాలుగో వంతు, అంటే సుమారు 670 మాత్రమే. యాక్-3లోని పిస్టన్ ఇంజిన్ శక్తి 1,300 అశ్వశక్తికి అటూ ఇటూగా ఉండేది. ప్రొపెల్లర్ అందులో నాలుగో వంతును వృథా చేసినా 970 దాకా మిగులుతుంది. నేల విడిచే సమయంలో పాత ప్రొపెల్లర్ విమానానిదే పైచేయి; పైన, పూర్తి వేగంలో జెట్‌కు సాటిలేదు. తొలి జెట్ విమానాలన్నీ రన్‌వే మీద అంత దూరం ఎందుకు పరుగెత్తేవో ఈ రెండు అంకెలే చెబుతాయి. ప్రొపెల్లర్ ఇంజిన్ శక్తిని ఇంకా పెంచుకుంటూ పోవచ్చు కదా అంటే, విమానం వేగం పెరిగే కొద్దీ ప్రొపెల్లర్ అంచులు ధ్వని వేగాన్ని సమీపిస్తాయి, అక్కడి నుంచి కలిపిన ప్రతి అశ్వశక్తిలోనూ అధికభాగం గాలిని అదరగొట్టడానికే ఖర్చవుతుంది.

ఇంధనం సంగతి మరీ కష్టం. ఆ జెట్ పూర్తి జోరులో గంటకు టన్నుకు పైగా ఇంధనం తాగుతుంది. యాక్-3 అంత చిన్న ఒంట్లో అంత ఇంధనానికి చోటెక్కడ? అందుకే దాని పరిధి 500 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఇంజిన్ మీద పడే నూనె చుక్కలతో కాక్‌పిట్‌లోకి పొగ కమ్మేదని కూడా పైలట్లు ఫిర్యాదు చేశారు.

ప్రొపెల్లర్ ఇంకో పని కూడా ఎవరికీ చెప్పకుండా చేస్తూ వచ్చింది. అది వెనక్కి నెట్టే గాలి తోక మీదుగా పారుతుంది. విమానం నెమ్మదిగా పరుగెడుతున్నప్పుడు కూడా ఎలివేటర్, అంటే ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, పనిచేసేది ఆ గాలి వల్లనే. జర్మన్ల మెసర్‌ష్మిట్ 262 జెట్ విమానాన్ని తొలి నమూనాల్లో పాత అలవాటు ప్రకారం తోక చక్రంతోనే కట్టారు. 1942 జులై 18న లైప్‌హైమ్‌లో టెస్ట్ పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ దాన్ని కేవలం జెట్‌లతో లేపడానికి ప్రయత్నించినప్పుడు తోక నేలను వదలలేదు, ఎందుకంటే దాని మీదికి గాలి చేరడమే లేదు. చివరికి గంటకు 180 కిలోమీటర్ల వేగంలో బ్రేకును ఒక్కసారి తాకితే, ఆ కుదుపుకు ముక్కు కిందికి వంగి, తోక పైకి లేచి, ఎలివేటర్‌కు గాలి తగిలింది. విమానం ఎగిరింది. టేకాఫ్ మధ్యలో బ్రేకు వేయడమంటే పైలట్‌కు ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవచ్చు. తర్వాతి నమూనాల్లో చక్రాన్ని ముక్కు కిందికి మార్చారు.

సాబ్ 21ఆర్‌కు మూలమైన సాబ్ 21కు ఈ చిక్కులు చాలావరకు ముందే తప్పాయి. దాని పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్ పైలట్ వెనక ఉండేవి, తోకను రెండు పొడవాటి దూలాలు మోసేవి, ముక్కు కింద చక్రం మొదటి నుంచీ ఉంది. వెనక తిరిగే ప్రొపెల్లర్‌కు చిక్కకుండా బయటపడాలని పైలట్‌ను సీటుతో సహా పైకి విసిరే ఎజెక్షన్ సీటు కూడా పెట్టారు; ప్రొపెల్లర్ పోయాక కూడా ఆ సీటు జెట్‌కు పనికొచ్చింది. ఇంతటి అనుకూలత ఉన్నా, జెట్ మంటకు అందకుండా తోకను పైకెత్తాల్సి వచ్చింది. ప్రొపెల్లర్ నేలకు తగలకుండా పొడుగ్గా పెట్టిన చక్రాల కాళ్లను పొట్టివి చేశారు. కొద్దిపాటి మార్పులతో పూర్తవుతుందనుకున్న పని పెరుగుతూ పోయి, విమానంలో దాదాపు సగం కొత్తగా చేయాల్సి వచ్చింది. అలా తయారైన సాబ్ 21ఆర్ 1947 మార్చి 10న ఎగిరింది.

బ్రిటన్, అమెరికాలు మరో దారి పట్టాయి. సూపర్‌మెరీన్ సంస్థ స్పిట్‌ఫైర్ వారసుడైన స్పైట్‌ఫుల్ రెక్కను మాత్రమే తీసుకుని, దానికి కొత్త ఒడలు కట్టి, అటాకర్ జెట్‌ను తయారుచేసింది. తోక చక్రం దీనికీ మిగిలిపోయింది కాబట్టి తోక కిందికి వాలి ఉండి, పచ్చిక మైదానాల్లో దాని జెట్ ధార నేలను తవ్వేసేది. మన పొరుగున పాకిస్తాన్ వాయుసేన కూడా ఆ విమానాలను నడిపింది. నార్త్ అమెరికన్ సంస్థ మస్టాంగ్ నుంచి రెక్క, తోకల రూపకల్పన తీసుకుని ఎఫ్‌జే-1 ఫ్యూరీని చేసింది. అదే సంస్థ పక్కకు తిన్నగా చాచిన ఆ రెక్కను పక్కనపెట్టి, వెనక్కి వాలిన రెక్కతో 1947 అక్టోబర్ 1న ఎగరేసిన విమానం ఎఫ్-86 సేబర్.

యాక్-15 యుద్ధ విమానంగా పెద్దగా రాణించలేదు గానీ, 280 దాకా తయారయ్యాయి. యాక్-3 నడిపిన పైలట్ అందులో కూర్చుంటే అంతా పాత ఇల్లులాగే అనిపించేది. జెట్‌కు అలవాటు పడాలంటే అంతకంటే భయం తక్కువైన బండి వారికి లేదు. దాని తర్వాతి రూపమైన యాక్-17లో ముక్కు కింద చక్రం వచ్చింది. ఆ ఉక్కు తోక చక్రంతో ఇక పని లేకపోయింది.