పుస్తకమే, కానీ ఇంటికి ఇవ్వరు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు జావాలో రాసి పంపిన లైబ్రరీ ప్రోగ్రామ్ మొత్తం చదివాను. పేర్లు చక్కగా పెట్టారు, ఫీల్డులన్నీ ప్రైవేట్‌గా ఉంచారు, చాలా సంతోషం. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. దాని గురించి తీరిగ్గా చెప్పాలనే ఈ ఉత్తరం.

'బుక్' అనే క్లాసులో 'లెండ్' అనే మెథడ్ పెట్టారు. తర్వాత నిఘంటువులు గుర్తొచ్చాయి. నిఘంటువు కూడా పుస్తకమే కదా అని 'డిక్షనరీ ఎక్స్‌టెండ్స్ బుక్' అన్నారు, అంటే బుక్ మెథడ్లు డిక్షనరీకీ వారసత్వంగా వస్తాయి. కానీ మీ లైబ్రరీ రూల్ ప్రకారం నిఘంటువును అక్కడే కూర్చుని చూసుకోవాలి, ఇంటికి ఇవ్వరు. అందుకని డిక్షనరీలో లెండ్‌ని ఓవర్‌రైడ్ చేసి, అంటే అదే పేరుతో తిరగరాసి, లోపల రన్‌టైమ్ ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే లోపం) త్రో చేశారు. కంపైలర్ ఏమీ అనలేదు. అది మెథడ్ పేరు, పారామీటర్లు, రిటర్న్ టైప్ లాంటివి చూస్తుంది గానీ, ఆ మెథడ్ చేస్తానన్న పని చేస్తోందా లేదా అన్నది చూడలేదు.

ఇప్పుడు కౌంటర్ కోడ్ చూడండి. పుస్తకాల లిస్ట్ తీసుకుని ఒక్కోదాని మీదా లెండ్‌ని కాల్ చేస్తోంది. అందులో తప్పేముంది? బుక్ అంటే ఇంటికి ఇవ్వొచ్చని మీ క్లాసే చెప్పింది. మధ్యలో ఒక నిఘంటువు తగిలిందంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇది ఏ టైపో అడిగే 'ఇన్‌స్టాన్సాఫ్' పెట్టి దాన్ని తప్పిద్దామా? రేపు అట్లాసులు వస్తాయి, అప్పుడు ఇంకో ఇఫ్, అది కూడా లెండ్ వాడిన ప్రతి చోటా. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక సదస్సులో ప్రసంగిస్తూ ఈ విషయమే తేల్చారు: పై టైప్ వాడిన చోట కింది టైప్ పెట్టినా ప్రోగ్రామ్ నడత మారకూడదు.

ఈ చిక్కు జావాలోనే ఉంది. 1996లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ 'స్టాక్' క్లాసు, జాబితాలా పనిచేసే 'వెక్టర్'ని ఎక్స్‌టెండ్ చేస్తోంది. స్టాక్ అంటే పైన పెట్టాలి, పైనుంచే తియ్యాలి. కానీ వెక్టర్ మెథడ్లన్నీ వారసత్వంగా వచ్చేశాయి కాబట్టి మధ్యలో దూర్చవచ్చు, మధ్యలోంచి లాగెయ్యవచ్చు. స్టాక్ కావాలంటే 'డెక్' ఇంటర్‌ఫేస్ (క్లాసులో ఏయే మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) వాడమని ఇప్పుడు జావా డాక్యుమెంటేషనే చెబుతోంది. అయినా పాత కోడ్ ఆగిపోకూడదని ఆ క్లాసును అలాగే ఉంచారు.

అందుకే బుక్‌లోంచి లెండ్ తీసెయ్యండి. 'లెండబుల్' అని ఒక ఇంటర్‌ఫేస్ రాయండి. ఇవ్వడానికి ఒక మెథడ్, తిరిగి తీసుకోవడానికి ఒకటి, అంతే. 'నావెల్' క్లాసు బుక్‌ని ఎక్స్‌టెండ్ చేసి, లెండబుల్‌ని ఇంప్లిమెంట్ చేస్తుంది. డీవీడీ అసలు పుస్తకమే కాదు, అయినా అదీ లెండబుల్ కావచ్చు. జావాలో ఒక క్లాసు ఇంకొక్క క్లాసునే ఎక్స్‌టెండ్ చెయ్యగలదు, ఇంటర్‌ఫేసులు మాత్రం ఎన్నైనా ఇంప్లిమెంట్ చెయ్యొచ్చు. కౌంటర్ కోడ్ లెండబుల్స్ లిస్ట్‌నే అడుగుతుంది. అక్కడ నిఘంటువు ఇస్తే కంపైలే కాదు. తప్పు వాడేవాళ్ల దాకా పోకుండా మీ దగ్గరే బయటపడుతుంది. నాకు ఇంటర్‌ఫేస్ మీద ఇంత ఇష్టం అందుకే.

దాన్ని చిన్నగా ఉంచమనడానికీ కారణం ఉంది. పదిమంది ఇంప్లిమెంట్ చేశాక కొత్త మెథడ్ ఒకటి చేరిస్తే ఆ పది క్లాసులూ కంపైల్ కావు. దీనికి విరుగుడుగా 2014లో జావా 8తో డిఫాల్ట్ మెథడ్లు, అంటే ఇంటర్‌ఫేస్‌లోనే కోడ్ రాసిపెట్టిన మెథడ్లు వచ్చాయి. 'లిస్ట్'కి 'సార్ట్' అలాగే చేరింది, పాత క్లాసులను ఎవరూ ముట్టుకోనక్కర్లేకపోయింది. అయితే ఇంటర్‌ఫేస్‌లో ఫీల్డ్ రాస్తే అది స్టాటిక్ ఫైనల్ అయిపోతుంది, అంటే అందరికీ కలిపి ఒక్కటే, మళ్లీ మార్చలేం. పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో గుర్తుంచుకునే పని క్లాసుదే.

అలాగని ప్రతి క్లాసుకీ ఒక ఇంటర్‌ఫేస్ తగిలించకండి. ఒకే క్లాసు ఇంప్లిమెంట్ చేస్తూ, రెండోది వచ్చే సూచన కూడా లేకపోతే, చదివేవాళ్లకు ఇంకో ఫైలు తెరిచే శ్రమే మిగులుతుంది.

ఈసారి క్లాసులతో మొదలుపెట్టకండి. ముందు కౌంటర్ కోడ్ రాయండి, లెండబుల్ ఇంకా లేకపోయినా ఉన్నట్టే అనుకుని. ఆ కోడ్ ఏయే మెథడ్లను కాల్ చేసిందో అవే ఇంటర్‌ఫేస్‌లో పెట్టండి. రాశాక నాకు పంపండి, చదువుతాను.

మీ పెదనాన్న