కళాశాల బోధనలో కృత్రిమ మేధ: అపోహలు - వాస్తవాలు

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన నాటి నుంచి కళాశాల స్టాఫ్ రూముల్లో రెండు వాదనలే ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఏఐని పూర్తిగా నిషేధించాలని కొందరు, ఎలాగూ ఆపలేం కాబట్టి వదిలేయాలని మరికొందరు అంటున్నారు. బీటెక్ విద్యార్థులకు డేటా స్ట్రక్చర్స్ బోధించే అధ్యాపకుడిగా నేను ఈ రెండింటితోనూ ఏకీభవించను. విద్యార్థి తానే ఆలోచించాల్సిన భాగం ఏదో అధ్యాపకుడు ముందుగా నిర్ణయించుకుని, ఆ భాగాన్ని కాపాడుతూ మిగిలిన పనిలో ఏఐని వాడనివ్వాలని నా అభిప్రాయం. అందుకు అడ్డుపడుతున్న అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: అసైన్‌మెంటు ఏఐ రాసిందో, విద్యార్థి రాశాడో సాఫ్ట్‌వేర్ తేల్చి చెబుతుంది.

వాస్తవం: చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి పరికరాన్ని విడుదల చేసింది. ఏఐ రాసిన పాఠ్యంలో అది 26 శాతాన్ని మాత్రమే గుర్తించగలదని, మనుషులు రాసిన దానిలో 9 శాతాన్ని ఏఐ రచనగా పొరబడుతుందని అప్పుడే ప్రకటించి, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో ఉపసంహరించుకుంది. ఆ సంవత్సరమే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష) వ్యాసాలను ఇలాంటి ఏడు డిటెక్టర్లతో పరీక్షించగా, అవి సగటున సగానికి పైగా వ్యాసాలను ఏఐ రచనలుగా ముద్ర వేశాయి. తర్వాత వచ్చే పదాన్ని ఎంత తేలిగ్గా ఊహించవచ్చన్న లెక్క మీదే ఈ పరికరాలు చాలావరకు ఆధారపడతాయి. అందువల్ల పరిమితమైన పదజాలంతో, తెలిసిన వాక్య నిర్మాణాలతో ఆచితూచి రాసేవారి రచన అనుమానానికి గురవుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగుకు వచ్చిన మన పిల్లల్లో ఎక్కువమంది రాసేది సరిగ్గా ఇలాంటి ఇంగ్లిషే. ఈ పరికరాలు ఇచ్చే స్కోరు ఒక్కటే చూసి విద్యార్థికి సున్నా వేయడం అన్యాయమని గట్టిగా నమ్ముతున్నాను.

రచనా చౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల్లో ఉన్న సారూప్యత శాతాన్నీ (ఇతరుల రచనతో ఎంత కలుస్తోందన్న లెక్క), ఈ ఏఐ స్కోరునూ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. సారూప్యత చూపినప్పుడు మూల రచనను ఎదురుగా పెట్టుకుని సరిచూడవచ్చు. ఏఐ స్కోరుకు అలాంటి మూలం ఏదీ ఉండదు. అది అంచనా మాత్రమే.

అపోహ: ఏఐ వాడిన విద్యార్థికి చదువు అబ్బదు.

వాస్తవం: ఎలా వాడారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు టర్కీలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో గణితంలో ఒక ప్రయోగం చేశారు. మామూలు చాట్ రూపంలో ఏఐని వాడినవారు అభ్యాస సమయంలో 48 శాతం మెరుగైన మార్కులు తెచ్చుకున్నా, ఏఐ లేకుండా పరీక్ష పెట్టినప్పుడు, దాన్ని అసలు వాడని వారికంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలచిన ఏఐతో చదివినవారిలో ఆ నష్టం దాదాపుగా కనిపించలేదు. హార్వర్డ్‌లో 194 మంది భౌతికశాస్త్ర విద్యార్థులతో జరిగిన మరో ప్రయోగంలో, అధ్యాపకులు పాఠానికి తగినట్టు ముందే సిద్ధం చేసిన ఏఐ ట్యూటర్‌తో చదివినవారు తరగతిలో నేర్చుకున్నవారికంటే తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు.

నా ల్యాబ్‌లో దీన్నే ఆచరణలో పెడుతున్నాను. లింక్డ్ లిస్ట్ (గొలుసులా కలిపిన సమాచార భాగాల వరుస) నుంచి ఒక నోడ్‌ను, అంటే ఒక భాగాన్ని, తొలగించే ప్రోగ్రాం ఇచ్చినప్పుడు, విద్యార్థి ముందుగా కాగితం మీద నోడ్లనూ, తర్వాతి నోడ్ ఎక్కడుందో చూపే పాయింటర్లనూ గీసి, ఏ పాయింటర్ ముందు మారాలో, ఏది తర్వాత మారాలో చేత్తో రాసి చూపాలి. ఆ తర్వాతే ఏఐని అడగవచ్చు. అడిగిన ప్రశ్ననూ, వచ్చిన జవాబులో తాను మార్చిన భాగాన్నీ, మార్చడానికి కారణాన్నీ రికార్డులో రాయాలి. వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి నోడ్‌నే తొలగిస్తే ఏమవుతుంది, లిస్ట్ ఖాళీగా ఉంటే ఏమవుతుంది అని అడుగుతాను. కాగితం మీద ఆ బొమ్మ గీసిన విద్యార్థి జవాబు తప్పు చెప్పినా ఆలోచిస్తూ చెబుతాడు, ఆ ఆలోచనను నేను సరిదిద్దగలను. తెచ్చిన కోడ్‌ను అతికించిన విద్యార్థి దగ్గర సరిదిద్దడానికి నాకు ఏమీ దొరకదు.

అపోహ: ఏఐ రాకముందు అసైన్‌మెంట్లు నిజాయితీగా జరిగేవి.

వాస్తవం: సీనియర్ల రికార్డులు చూసి రాయడం, ఆల్ ఇన్ వన్‌ల నుంచి ఎత్తిరాయడం మనకు కొత్త కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 (2022 నాటి) నిబంధనల్లో అసైన్‌మెంట్లకు 5 మార్కులతో పాటు వైవా, ప్రజెంటేషన్ వంటివాటికి మరో 5 మార్కులున్నాయి. ఆ రెండో అయిదు మార్కులను మొక్కుబడిగా వేసేయకుండా ప్రతి విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడితే చాలు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో అది కష్టమే, కాబట్టి నేను ల్యాబ్ గంటల్లోనే కొందరి చొప్పున పూర్తిచేస్తాను.

అపోహ: తెలుగులో అడిగితే ఏఐ పనికిరాదు.

వాస్తవం: పాత ఏఐ నమూనాల్లో తెలుగు వాక్యం చాలా ముక్కలుగా (టోకెన్లుగా) విడిపోయేది. 2024 మేలో జీపీటీ-4ఓ నమూనా విడుదల సందర్భంగా ఓపెన్ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠ్యం 45 టోకెన్లకు తగ్గింది. ఇప్పుడు వివరణలు అర్థమయ్యేలానే వస్తున్నాయి కానీ, పాఠ్యపుస్తకంలో ఎక్కడా లేని పారిభాషిక పదాలు అందులో అప్పుడప్పుడూ దొర్లుతుంటాయి. అందుకే సాంకేతిక పదాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, వివరణను మాత్రం తెలుగులో అడగమని, తర్వాత జవాబును సొంత ఇంగ్లిషులో రాయమని చెబుతాను. తరగతిలో నలుగురి ముందు ఇంగ్లిషులో సందేహం అడగడానికి జంకే విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

అపోహ: ఏఐ ఇచ్చిన రెఫరెన్సులను ప్రాజెక్టు రిపోర్టులో నేరుగా పెట్టుకోవచ్చు.

వాస్తవం: చాట్‌జీపీటీ కల్పించిన, ఉనికిలోనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023 జూన్‌లో న్యూయార్క్‌లో న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. రిపోర్టులోని ప్రతి పేపర్‌నూ తెరిచి చూపమని నేను రివ్యూలో అడుగుతాను.

అపోహ: మార్కుల జాబితాను ఉచిత ఏఐ పరికరంలో పెట్టి విశ్లేషించుకుంటే ఇబ్బందేమీ ఉండదు.

వాస్తవం: అది విద్యార్థుల వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని బాలలుగానే పరిగణిస్తుంది. మన మొదటి సంవత్సరం తరగతుల్లో 17 ఏళ్ల వారూ ఉంటారు. పేర్లు, హాల్ టికెట్ నంబర్లు తీసేసి, ప్రశ్నలవారీ మార్కుల వరుసను మాత్రమే ఇచ్చినా ఏ ప్రశ్న దగ్గర తరగతి తడబడిందో ఏఐ చెప్పగలదు.