పవర్ సేవింగ్ ఆపేస్తే స్పీడ్ పెరుగుతుందా? ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చింది

కంప్యూటర్ స్లో అయింది ఏం చెయ్యాలి అని అడిగితే ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది, బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) వెళ్లి స్పీడ్‌స్టెప్ ఆపెయ్, సీ-స్టేట్స్ ఆపెయ్, విండోస్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టెయ్ అని. స్పీడ్‌స్టెప్ అంటే కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ స్పీడ్ తగ్గించేది, సీ-స్టేట్స్ అంటే పని లేనప్పుడు ప్రాసెసర్ వెళ్లే నిద్ర స్థాయిలు, హై పెర్ఫార్మెన్స్ అంటే స్పీడ్ తగ్గనివ్వని విండోస్ పవర్ ప్లాన్. సలహా ఊరికే పుట్టలేదు, ఒకప్పుడు నిజంగానే పనిచేసింది. కానీ అప్పటి ప్రాసెసర్ వేరు, ఇప్పటిది వేరు.

విండోస్ 95 రోజుల్లో ఈ గొడవే లేదు. సీపీయూకి పని లేకపోయినా ఖాళీ లూప్‌లో గిరగిరా తిరుగుతూ ఉండేది. పని లేనప్పుడు ఆగిపో అని చెప్పే హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్ 8086 నుంచే ఉంది, లినక్స్, విండోస్ ఎన్‌టీ దాన్ని వాడేవి కూడా, విండోస్ 95 మాత్రం పట్టించుకోలేదు. అందుకే ఆ పని చేసిపెట్టే రెయిన్ లాంటి చిన్న చిన్న ప్రోగ్రాములు జనం విడిగా వేసుకునేవాళ్లు.

అసలు కథ 2000 జనవరిలో లాప్‌టాప్‌లతో మొదలైంది. ఇంటెల్ మొబైల్ పెంటియం 3లో స్పీడ్‌స్టెప్ తెచ్చింది, అదే నెలలో ట్రాన్స్‌మెటా (లైనస్ టోర్వాల్డ్స్ అప్పట్లో పనిచేసిన కంపెనీ) క్రూసో చిప్‌లో లాంగ్‌రన్ చూపించింది. స్పీడ్‌స్టెప్ అప్పుడు చాలా మోటుగా ఉండేది, చార్జర్ పెడితే 650 మెగాహెర్ట్జ్, పీకితే 500, అంతే. కానీ లెక్క చూడండి. చిప్ తినే కరెంటు ఫ్రీక్వెన్సీతో పాటు, వోల్టేజ్ స్క్వేర్‌తో కూడా పెరుగుతుంది, ఇక్కడ వోల్టేజ్ కూడా 1.6 నుంచి 1.35కి దిగుతుంది. అంటే స్పీడ్ 23 శాతం పోతే పవర్ దాదాపు 45 శాతం ఆదా అవుతుంది. లాప్‌టాప్‌కి ఇంతకంటే మంచి బేరం ఉండదు.

చిరాకు మొదలైంది ఇది డెస్క్‌టాప్‌కి వచ్చాకే. 2003లో ఏఎండీ అథ్లాన్ 64తో కూల్ అండ్ క్వయట్ ఇచ్చింది, పని లేనప్పుడు చిప్ స్పీడ్ బాగా తగ్గిపోయేది. స్పీడ్ ఎప్పుడు పెంచాలో చూసుకోవాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్, అదేమో కొంచెం సేపటికోసారి లోడ్ ఎంతుందో చూసి అప్పుడు పెంచేది. మీరు క్లిక్ చేసిన పని ఆ లోపే అయిపోతే మొత్తం తక్కువ స్పీడ్‌లోనే నడిచినట్టు. పైగా 2005లో డ్యూయల్ కోర్ అథ్లాన్‌లు (ఒకే చిప్‌లో రెండు ప్రాసెసర్లు, అంటే రెండు కోర్‌లు ఉన్నవి) వచ్చాక ఇంకో తలనొప్పి, కొన్ని గేములు టైమ్ కొలవడానికి వాడే కౌంటర్ చిప్ స్పీడ్‌తో పాటే మారిపోయేది, రెండు కోర్‌ల కౌంటర్లకి పొంతన ఉండేది కాదు, గేమ్ కాసేపు ఉరుకుతూ కాసేపు నత్తనడక నడిచేది. ఏఎండీనే దానికోసం డ్యూయల్ కోర్ ఆప్టిమైజర్ అని ఒక ప్రోగ్రామ్ రిలీజ్ చెయ్యాల్సొచ్చింది. నన్నడిగితే "ఆపేయండి" అనే సలహా గేమర్ల నోళ్లలో స్థిరపడిపోయింది ఆ రోజుల్లోనే, ఆ చిప్‌లకి అది సరైన సలహానే.

ఈలోగా ఇంటెల్‌కి వేరే దెబ్బ తగిలింది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4 వేడికి అడ్డూ అదుపూ లేదు, దాని తర్వాత రావాల్సిన టెజాస్‌ని మే నెలలోనే రద్దు చేశారు, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కూడా అక్టోబర్‌లో అటకెక్కింది. స్పీడ్‌కి అడ్డం వేడే అని అప్పటికి అందరికీ అర్థమైపోయింది.

దీంతో 2008 నవంబర్‌లో వచ్చిన ఇంటెల్ నెహాలెమ్ చిప్‌లతో లెక్క తిరగబడింది. పని లేని కోర్‌కి సీ6 అనే లోతు నిద్ర స్టేట్‌లో కరెంటు దాదాపు పూర్తిగా కట్ చేస్తారు, అలా మిగిలిన పవర్‌తో పని చేస్తున్న కోర్ టర్బో బూస్ట్‌లో ఇంకా పైకి వెళ్తుంది. అంటే పక్క కోర్‌లు నిద్రపోతేనే మీ కోర్ పరిగెడుతుంది. ఇలాంటి ఇంటెల్ చిప్‌లలో సీ-స్టేట్స్ ఆపేస్తే కోర్‌లన్నీ మేలుకునే ఉన్నట్టు లెక్క, ఒకటి రెండు కోర్‌లకి దొరికే టాప్ టర్బో స్పీడ్ దొరకదు. స్పీడ్ కోసం ఆపేసి స్పీడే పోగొట్టుకున్నట్టన్నమాట, ఇది తెలీకుండా ఆపేసుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

స్పీడ్ పెరగడంలో ఆలస్యం సంగతి 2015లో ఇంటెల్ స్కైలేక్ చిప్‌లతో చాలావరకు తీరింది. వాటిలో వచ్చిన స్పీడ్ షిఫ్ట్ ఉంటే ఫ్రీక్వెన్సీ ఎంతుండాలో చిప్పే నిర్ణయించుకుంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఆగకుండా. అదే ఏడాది నవంబర్ అప్‌డేట్ నుంచి విండోస్ 10 దీన్ని వాడుతోంది. మామూలు ఇంటి పీసీలో ఇవాళ హై పెర్ఫార్మెన్స్ పెడితే తేడా కనపడేది ఎక్కువగా ఫ్యాన్ మోతలోనే.

ఇక సర్వర్‌ల దగ్గర పాత సలహాకి ఇంకా బలం ఉంది. విండోస్ సర్వర్ బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌తోనే (పనిని బట్టి స్పీడ్ తగ్గించే పవర్ సెట్టింగ్) వస్తుంది, డేటాబేస్ స్లోగా ఉందంటే అనుభవమున్న అడ్మిన్లు ముందు చూసేవాటిలో అదొకటి. నిద్రలోంచి లేవడానికి కూడా టైమ్ పడుతుంది, లినక్స్ కెర్నల్‌లో స్కైలేక్ సర్వర్ చిప్‌లకి రాసుకున్న లెక్క ప్రకారం సీ1 అనే తేలిక నిద్ర నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ6 నుంచి 133. మనకి తెలీనే తెలీదు గానీ షేర్ ట్రేడింగ్ సిస్టమ్‌కి 133 మైక్రోసెకన్లంటే చాలా పెద్ద విషయం. దానికి కూడా బయోస్‌లో ఆపక్కర్లేదు, లినక్స్‌లో ప్రోగ్రామే cpu_dma_latency అనే డివైస్ ఫైల్‌ని, అదే సీపీయూ డీఎంఏ లేటెన్సీ ఫైల్‌ని, ఓపెన్ చేసి నాకు ఇంతకంటే ఆలస్యం వద్దు అని రాసుకోవచ్చు, ఆ ఫైల్ క్లోజ్ అయ్యేదాకా కోర్‌లు లోతు నిద్రలోకి వెళ్లవు, క్లోజ్ అవగానే మళ్లీ మామూలే.