ఆరు కార్ల రేసు, దాని వెనక కథ

బరంపురం గేట్ బజార్‌లో టీ తాగుతుంటే ఫార్ములా వన్ ఊసొచ్చిందంటే ఈ ఎకసెక్కం ఖాయం: "నారాయణ్ కార్తికేయన్‌దేముందిరా, ఆరు కార్లలో నాలుగోవాడు!"

నారాయణ్ అంటే ఫార్ములా వన్ కారు రేసుల్లోకి దిగిన తొలి భారతీయుడు. ఆ మాట అబద్ధం కాదు. 2005 జూన్ 19న ఇండియానాపొలిస్‌లో ఇరవై కార్లు రేసుకి ముందు ట్రాక్ చుట్టే వార్మప్ ల్యాప్‌కి బయల్దేరాయి. ల్యాప్ చివర మిషెలిన్ టైర్లున్న పద్నాలుగూ ఒకదాని వెనక ఒకటి గ్యారేజీలోకి పోయాయి. రెండు రోజుల ముందు పదమూడో మలుపులో రాల్ఫ్ షుమాకర్ టైరు పోయి గోడకు గుద్దుకున్నాడు. ఆ ఏటవాలు మలుపులో తమ టైర్లు నిలవవని కంపెనీయే చేతులెత్తేసింది. వేగం తగ్గేలా అక్కడ ఒక అడ్డుమలుపు పెట్టమంటే రేసుల పాలక సంస్థ ఎఫ్ఐఏ ససేమిరా అంది. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఫెరారీ, జోర్డాన్, మినార్డీ కార్లే మిగిలాయి. జోర్డాన్ నడిపిన నారాయణ్‌కి 5 పాయింట్లొచ్చాయి. ఫార్ములా వన్‌లో అతనికి దక్కినవి ఆ అయిదే.

అయితే ఆ ఆరింట్లో ఒకదాని దాకా ఎలా వచ్చాడన్నది ఎవరూ అడగరు. పుట్టింది 1977లో, ఊరు కోయంబత్తూరు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీ చాంపియన్. అదే ఊళ్లో కరివర్ధన్ అనే ఆయన మారుతీ 800 ఇంజిన్ పెట్టి ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. దాని పేరే ఫార్ములా మారుతీ. దాన్ని తోలడానికి శ్రీపెరుంబుదూరు దగ్గర ట్రాక్ కూడా ఉంది. కుర్రాడు అందులో చేయి తిప్పుకొని ఫ్రాన్స్‌లో రేసింగ్ స్కూలుకెళ్లాడు. 1994లో బ్రిటన్ ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్, 1996లో ఫార్ములా ఆసియా అనే కింది మెట్టు పోటీలు గెలిచాడు. ఆ తర్వాత ఫార్ములా వన్ సీటుకి ఇంకో తొమ్మిదేళ్లు! చిన్న జట్లలో నేర్పు ఒక్కటే చాలదు, స్పాన్సర్ కావాలి. అతని వెనక టాటా నిలబడింది.

2011లో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో, సొంతగడ్డ మీది ఫార్ములా వన్ రేసులో, 17వ స్థానం. మూడేళ్లకే ఆ రేసూ ఆగిపోయింది. ఇది ఆటా వినోదమా అన్న పన్నుల తగవు కూడా అందుకు కారణం. 2019లో జపాన్‌లోని ఫుజీ ట్రాక్‌లో జర్మన్ డీటీఎం, జపాన్ సూపర్ జీటీ అనే రెండు రేసు పోటీల కార్లు కలిసి పరిగెత్తిన ఆదివారం రేసు గెలిచింది ఇతనే. అది ఆరు కార్ల రేసు కాదు. టీ కొట్టు దగ్గర దాని ఊసు నేనెన్నడూ వినలేదు.

శ్రీపెరుంబుదూరు కంటే ముందు మద్రాసు వాళ్లు రేసులు పెట్టుకున్నది షోలవరంలో. రెండో ప్రపంచ యుద్ధం వదిలేసి వెళ్లిన రన్‌వే అది. 1936లో ఒడిశాలో కలిసేదాకా బరంపురం ఉన్న మా గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రన్‌వే మాకూ ఉంది, రంగైలుండలో. ఊళ్లో మరి కరివర్ధన్ లేడు.

ఎకసెక్కమాడినవాడికి పోయిన నెలే గోపాల్‌పూర్ రోడ్డు మీద పల్సర్ మితిమీరి తోలాడని చలానా పడింది. వాడికి తోలడానికి వేరే చోటేదీ?